చేతనయ్యేదాకా

మా వారిని రెండేళ్లపాటు వారానికి మూడుసార్లు నాలుగో అంతస్తుకు చేర్చి, మళ్లీ కిందికి దించిన మనిషి చనిపోయాడన్న సంగతి నాకు మూడు నెలలు ఆలస్యంగా తెలిసింది.

మా వారి పాత రిపోర్టు నకలు ఒకటి అవసరమై, ఆయన పోయిన ఏడాదిన్నరకు సికింద్రాబాద్‌లోని ఆ ఆస్పత్రికి మళ్లీ వెళ్లాను. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఎవరూ లేరు. నాకు కావలసిన రికార్డుల గది మొదటి అంతస్తులో ఉంది. నా వేలు మాత్రం అలవాటు చొప్పున నాలుగు నొక్కింది. పైకి వెళ్లి, డయాలసిస్ గది తలుపు చూసి, దిగకుండానే కిందికి వచ్చేశాను. గుమ్మం దగ్గరున్న సెక్యూరిటీ అతన్ని అడిగాను.

"ఇక్కడ లిఫ్టులో పెద్దాయన ఉండేవారు కదా?"

"లిఫ్టన్ననా మేడం? పోయిండు. మూణ్నెల్లాయె. ఆదివారం ప్రార్థనకు పోయొచ్చి, అన్నం తిని జెరసేపు ఒరిగిండట. మల్ల లేవలే."

అంత మంచి చావు అందరికీ రాదని అతను ఇంకేదో అంటున్నాడు. నేను రికార్డుల గదికి వెళ్లకుండానే బయటికి వచ్చి ఆటో ఎక్కాను.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆయన కథలో ఇంకొకరి కొడుకు కూడా ఉన్నాడు. ఒక పేరు రాస్తే రెండోది దానంతటదే బయటపడుతుంది.

అరవైకి అటూ ఇటూ ఉండేవాడు. సన్నటి మనిషి. నీలం యూనిఫాం చొక్కా భుజాల దగ్గర ఎప్పుడూ వదులే. కొబ్బరినూనె రాసి పక్కకు దువ్విన జుట్టు. లిఫ్టులో ఆయన కోసం ఒక స్టూలు వేసి ఉండేది గానీ దానిమీద ఆయన కూర్చోగా నేను చూడలేదు. ముసలివాళ్లు ఎక్కితే దాన్ని పాదంతో వాళ్లవైపు జరిపేవాడు. బటన్లను వేలు మడిచి, కణుపుతో నొక్కేవాడు. కరోనా రోజుల్లో పట్టుకున్న అలవాటు ఆ తర్వాత కూడా వదల్లేదు. నోరు తెరవకుండా ఏదో ప్రార్థన పాట గొంతులోనే తిప్పుకుంటూ ఉండేవాడు. లిఫ్టు ఆగినప్పుడు పాట ఆగేది, కదిలినప్పుడు మొదలయ్యేది.

లిఫ్టువాళ్లు ఎవరైనా "ఏ ఫ్లోర్?" అని అడుగుతారు. ఈయన "ఎవరి కోసం?" అని అడిగేవాడు.

మేం మొదటిసారి ఎక్కిన రోజున మా వారు చక్రాల కుర్చీలో ఉన్నారు. నా చేతిలో ఫైళ్లు, నీళ్ల సీసా, దుప్పటి.

"ఎవరి కోసమమ్మా?"

"మా వారి కోసం."

"సార్ పేరేంది?"

మాది కోస్తా. మా ఇంట్లో ఆడవాళ్లు భర్త పేరు పెట్టి పిలవరు. పాతికేళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, అయినా ఆ క్షణాన నోరు రాలేదు. నా అవస్థ చూసి మా వారే తన పేరు చెప్పుకుని, "మా ఆవిడ నోట నా పేరు వినాలంటే నేను పోయాకే," అని నవ్వారు. లిఫ్టాయన నవ్వలేదు. ఆ పేరును ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకుని, నాలుగు నొక్కాడు.

ఆ పేర్లను ఆయన ఏం చేస్తాడో నాకు కొన్నాళ్లకు తెలిసింది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకొకతను అరగంట లిఫ్టు చూసుకునేవాడు. ఆ అరగంటలో ఈయన ఆస్పత్రి వెనక జనరేటర్ పక్క మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచేవాడు. తెరిచి, తినకుండా కళ్లు మూసుకునేవాడు. పెదవులు కదులుతూ ఉండేవి. టీ కోసం అటు వెళ్లినప్పుడు ఒకసారి అడిగాను.

"అన్నం చల్లారిపోతోంది కదన్నా?"

"పేర్లు ఎక్కువున్నయి చెల్లె ఇయ్యాల," అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఉదయం నుంచి లిఫ్టు ఎక్కిన ప్రతి రోగి పేరూ దేవునికి చెప్పడం. అంతే ఆయన ప్రార్థన. తగ్గించమని అడుగుతారా అంటే, "అడుగుత. కాని ముందుగాల పేరు చెప్త. ఎవలో ఒకలు పేరు పెట్టి యాది చేసుకోవాలె గద," అన్నాడు.

మొదట్లో ఆయన మీద నాకు కోపంగా ఉండేది. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో సహా, "ఏం కాదు, తగ్గిపోతుంది" అనేవాళ్లు. ఈయన మాత్రం ఆ మాట అనేవాడు కాదు. ఎవరైనా ఏడుస్తూ "తగ్గుద్దంటావా అన్నా?" అని అడిగితే, "నాకు తెల్వదమ్మా. ఆయనకు తెలుసు. నేనైతే పేరు చెప్త," అనేవాడు. ఒట్టి మాటగా ఒక్క 'తగ్గుతుంది' అంటే ఈయన సొమ్మేం పోతుందని నాకు ఉక్రోషంగా ఉండేది.

ఒకసారి తెల్లచొక్కా వేసుకున్న పాస్టరుగారొకరు ఎవరినో చూడ్డానికి వచ్చి, లిఫ్టులోనే చేతులెత్తి పెద్ద గొంతుతో స్వస్థత ప్రార్థన మొదలుపెట్టారు. చక్రాల కుర్చీలో కునుకు తీస్తున్న మా వారు ఉలిక్కిపడి లేచారు. లిఫ్టాయన చేతులు జోడించి, "అయ్యగారూ, వందనాలు. జెర మెల్లగ. పేషెంటు నిద్రలున్నడు. దేవునికి చెవుడు లేదు," అన్నాడు. ఆ రోజంతా మా వారు ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వారు. రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన నాలుగు గంటలు కదలకుండా పడుకునే మనిషికి నవ్వుకోవడానికి ఒక మాట దొరకడం చిన్న విషయం కాదు.

మా వారికి ఏ దేవుడి మీదా పెద్ద గురి లేదు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేసిన మనిషి. తీగ ఎక్కడ తెగిందో చూపిస్తేనే నమ్మేవారు. "రోజు విడిచి రోజు నా పేరు చెప్తున్నారు. మీ దేవుడికి విసుగు రాదా?" అని లిఫ్టాయనను ఆట పట్టించేవారు.

"ఇసుగొస్తే మనిషైతడు సార్, దేవుడెట్లయితడు?"

ఇలా నడిచింది ఏడాదికి పైగా. ఆయన గురించి మాకు తెలిసింది కొంచెమే. మౌలాలిలో రెండు గదుల సొంతిల్లు, భార్య, ఒక్కడే కొడుకు. ఆ అబ్బాయి బండి మీద హోటల్ పార్సిళ్లు ఇంటింటికీ చేర్చేవాడు. వానాకాలంలో కొడుకు గురించి మాత్రం కొంచెం గొణిగేవాడు. "రెయిన్‌కోటు వేసుకోడు. వేసుకుంటే చెమట పోస్తదట. తడుస్తే జరమొస్తదని చెప్తె ఇనడు."

ఒక శుక్రవారం లిఫ్టులో ఇంకెవరో ఉన్నారు. "ఏ ఫ్లోర్?" అని అడిగారు. పైన డయాలసిస్ సిస్టరు మా వారికి సూది గుచ్చుతూ, మొహం పక్కకు తిప్పుకుని చెప్పింది.

అంతకు ముందు రోజు మధ్యాహ్నం అల్వాల్ రోడ్డు మీద ఒక కారు బండిని గుద్దింది. బండి మీది అబ్బాయినీ, కారు నడిపిన అబ్బాయినీ ఇద్దరినీ ఈ ఆస్పత్రికే తెచ్చారు. మొదటి అబ్బాయి స్ట్రెచర్‌ను ఆపరేషన్ థియేటర్ ఉన్న రెండో అంతస్తుకు తీసుకెళ్లాలి. లిఫ్టు తలుపు తెరుచుకుంది. మొహం నిండా కట్లు. లిఫ్టాయన ఎప్పటిలాగే "ఎవరి కోసం?" అని అడిగాడు. స్ట్రెచర్ తోస్తున్న మనిషికి తెలుసు. అతను నోరు విప్పలేదు. లిఫ్టాయన వంగి చూశాడు. మొహం చూసి కాదు, వేలాడుతున్న చెయ్యి చూసి పోల్చుకున్నాడట. కణుపుతో రెండు నొక్కాడు. ఆ అబ్బాయిని తిరిగి దించే పని వేరేవాళ్లు చేశారు.

ఎనిమిదో రోజుకే ఆయన పనిలోకి వచ్చాడు. అదే నీలం చొక్కా, అదే కొబ్బరినూనె. "అన్నా" అన్నాను. తలాడించాడు. నాలుగు నొక్కాడు. ఎవరి కోసమని ఎవరినీ అడగడం లేదు. గొంతులో పాట లేదు. మధ్యాహ్నం మెట్ల మీద డబ్బా తెరవకుండా ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మా వారు కూడా ఆ వారం ఒక్క చమత్కారం ఆడలేదు.

అదే రోజుల్లో ఒకావిడతో నాకు పరిచయం కలిగింది. నా వయసే ఉంటుంది. చేతిలో ఫ్లాస్కు, భుజానికి సంచి. మూడో అంతస్తులో ఎముకల వార్డులో ఆవిడ కొడుకు ఉన్నాడు. యాస వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలై మాటలు కలిశాయి. ఒక ఉదయం లిఫ్టులో మేం నలుగురమే ఉన్నాం. ఆవిడ, నేను, కుర్చీలో మా వారు, మాకు వీపు పెట్టి నిలబడ్డ లిఫ్టాయన. కొడుకుకి ఎలా ఉందని అడిగాను.

"కాళ్లు రెండూ అతుక్కుంటాయంటున్నారండి. కానీ వాడు అన్నం ముట్టడు. మాట్లాడడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "కారు వాడే నడిపాడు. చేతిలో ఫోనుందట. ఆ బండి మీద పిల్లాడు పోయాడండి. హోటల్ పార్సిళ్లు ఇచ్చే పిల్లాడు. ఒక్కడే కొడుకట. తండ్రి మౌలాలిలో ఉంటాడట. వెళ్లి కాళ్ల మీద పడదామంటే లాయరు వద్దన్నాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? వెళ్లకుండా ఎలా ఉండను?"

మా వారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. లిఫ్టాయన వెనక్కి తిరగలేదు. మూడో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగుతుంటే సంచి పట్టీ తలుపుకి తగులుకుంది. ఆయన వంగి దాన్ని విడిపించి ఇచ్చాడు.

ఆ రోజు మధ్యాహ్నం మెట్ల దగ్గరికి వెళ్లాను.

"ఆవిడెవరో మీకు తెలుసా అన్నా?"

"మొదటి దినమే తెల్సు చెల్లె. పోలీసు కాయితంల ఉన్నది గద పేరు."

"మరి రోజూ ఎలా..."

"మూడో అంతస్తు. నౌకరి." లిఫ్టు ఉన్న వైపు చూశాడు. "ఒక దినం నడుమ ఆపేద్దామనిపిచ్చింది. రెండుకు మూడుకు నడుమ. ఆపి, నీ కొడుకు ఉన్నడు, నా కొడుకు లేడు అని చెప్దామని. చెయ్యి బటన్ దాంక పోయింది గూడ."

"ప్రార్థన మానేశారా అన్నా?"

"మానలే. బందైపోయింది." టిఫిన్ డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టాడు. "కండ్లు మూసుకుంటే ముందుగాల ఆ కారు పిలగాని పేరొస్తది. అది నా నోటికి రాలే. దాన్ని ఇడిచిపెట్టి మిగతావి చెప్దామంటే, దేవుని ముంగట దొంగతనం చేసినట్టుంటది. ఆయన అడుగుతడు గద, ఇంకోడేడి అని. ఆ ఒక్క పేరు అడ్డం పడ్డది. దాని యెనకాల అందరు ఆగిపోయిన్రు. సార్ గూడ ఆగిపోయిండు."

నేను ఓదార్పు మాట ఒకటి వెతికాను. ఆయన ఎన్నడూ ఎవరికీ ఇవ్వని ఆ ఒట్టి మాటలే గుర్తొచ్చాయి.

నెల గడిచింది. డయాలసిస్ అయిపోయి కిందికి దిగుతున్నాం. మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. ఆవిడ నిలబడి ఉంది. ముందు చక్రాల కుర్చీలో కొడుకు. కింద ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నారు. ఇరవై రెండేళ్లుంటాయేమో. మోకాళ్ల కింద రెండు కాళ్లకూ కట్లు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం పెరిగి, కళ్లు నేల మీద ఉన్నాయి. స్ట్రెచర్లు పట్టే లిఫ్టు కాబట్టి రెండు కుర్చీలూ పట్టాయి.

తలుపు మూసుకుంది. లిఫ్టాయన బటన్ నొక్కలేదు. నెల రోజుల తర్వాత మొదటిసారి ఆయన గొంతు విన్నాను.

"పేరేంది బిడ్డా?"

ఆ అబ్బాయి తలెత్తలేదు. వాళ్లమ్మ చెప్పబోయింది.

"నువ్వు చెప్పకమ్మా. ఆయననే చెప్పనీ."

చాలాసేపటికి ఆ అబ్బాయి తన పేరు చెప్పాడు. వినీ వినపడనట్టు.

"అన్నం తింటలేవట?"

ఆ అబ్బాయి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నేను ఆ బండి మీది పిలగాని నాయనను," అన్నాడాయన.

ఆవిడ ఫ్లాస్కు వదిలేసింది. లిఫ్టు నేల మీద కూలబడి ఆయన పాదాలు పట్టుకోబోయింది. ఆయన వెనక్కి జరిగి, ఆవిడను భుజం పట్టి లేపి, ఆ స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆ అబ్బాయి అప్పుడు తలెత్తి చూశాడు. ఆ వయసు పిల్లవాడి మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. చేతులు జోడించబోతే అవి ఒకదాన్నొకటి దొరకబుచ్చుకోలేకపోయాయి.

లిఫ్టాయన కుర్చీ ముందు వంగాడు.

"నిన్ను మాఫ్ చేసిన అని చెప్పనీకి రాలే నేను. అబద్ధమెందుకు? అది నాకింక చేతనైతలేదు. ఏసయ్యను దినాం అడుగుతున్న. పొద్దుగాల ఒకపారి, పండుకునేప్పుడు ఒకపారి. ఇస్తడు. ఆయన ఇచ్చేదాంక నువ్వు బతకాలె. గిట్ల తినకుంట ఎండిపోతే నేను ఎవల్ని మాఫ్ చెయ్యాలె చెప్పు? మట్టినా?"

ఆ అబ్బాయి పెద్దగా ఏడ్చాడు. నెలరోజులుగా లోపల కుక్కుకున్నదంతా ఆ ఇనపపెట్టెలో మోగింది. కింద ఎవరో తలుపు తడుతున్నారు. లిఫ్టాయన నిటారుగా నిలబడి, చొక్కా సర్దుకుని, కిందికి వెళ్లే బటన్ నొక్కాడు.

ఆటోలో అల్వాల్ దాకా మా వారు రోడ్డు మీద బండ్లనే చూస్తూ కూర్చున్నారు. ఇంటి ముందు దిగేటప్పుడు అన్నారు: "ఆయన దేవుడి సంగతి నాకు తెలీదు గానీ, ఆ మనిషి ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు చూడు."

ఆ తర్వాత ఏవో అద్భుతాలు జరగలేదు. కేసు కేసుగానే నడిచింది. "అది సర్కారు పని. నేను అడ్డం పోను, ఎగేయను," అనేవాడు. వాళ్ల సంఘంలో ఎవరో ఈ సంగతి విని, ఆదివారం అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పమన్నారట. ఒప్పుకోలేదు. "సాక్ష్యమంటే అయిపోయినంక చెప్పేది చెల్లె. నాదింక నడుస్తనే ఉన్నది."

కానీ లిఫ్టులో "ఎవరి కోసం?" అన్న ప్రశ్న తిరిగొచ్చింది. మెట్ల మీద కళ్లు మూసుకోవడం తిరిగొచ్చింది. ఆ అబ్బాయి డిశ్చార్జి అయ్యాక కాళ్ల వ్యాయామం కోసం వారానికి రెండుసార్లు వచ్చేవాడు. కర్ర పట్టుకుని లిఫ్టు ఎక్కేవాడు. ఇద్దరి మధ్యా ఒక్కటే మాట. "తిన్నవా?" "తిన్నానండి." అంతకుమించి నేనెప్పుడూ వినలేదు.

మనసెలా ఉందని ఒకసారి అడిగాను. ఆయన మొహం చిక్కింది గానీ నడకలో ఏదో నిదానం వచ్చింది. అది నన్ను ఆశ్చర్యపెట్టింది. అప్పటికి మా వారి ఆరోగ్యం దిగజారుతోంది. ఆ నిదానం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలన్న స్వార్థం కూడా నా ప్రశ్నలో ఉంది.

"తక్లీఫ్ పోలే చెల్లె. పోతదనుకున్న, పోలే. ముందు అది ఉంటే నేను కూసోలేకపోయేటోన్ని. ఇప్పుడు అదో పక్కకు, నేనో పక్కకు కూసోని అన్నం తింటున్నం. ఆయన నడుమల కూసున్నడు."

మా వారు ఆ చలికాలంలో పోయారు. యంత్రం మీద ఉండగానే బీపీ పడిపోయింది. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. మూడో రోజు పొద్దున డాక్టరు బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. మా మరిది కాగితాల పనికి పరుగెత్తాడు. బంధువులు కింద పోగవుతున్నారని ఫోనొచ్చింది. నేనొక్కదాన్నే లిఫ్టు ఎక్కాను.

ఆయన నా మొహం చూశాడు. ఏమీ అడగలేదు. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది.

"రెండేళ్లు చెప్పారు కదన్నా ఆ పేరు! ఎన్నిసార్లు చెప్పారు? ఏం చేశాడు మీ దేవుడు? విన్నాడా అసలు?"

అరిచానని ఆ తర్వాత తెలిసింది. ఆయన మొహం మీద అదురు గానీ, నొచ్చుకోవడం గానీ కనిపించలేదు.

"ఇన్నడు చెల్లె. ఇని గూడ తీస్కపోయిండు. నా కొడుకును గూడ గట్లనే. నేను దినాం చెప్పేటోన్ని వాని పేరు, అందరికన్న ముందు. ఎందుకు తీస్కపోయిండో నాకు తెల్వదు. తెల్వకుంటనే నిలవడ్డ ఈడ."

లిఫ్టు కిందికి చేరింది. ఆయన తలుపు తెరవలేదు. తలుపు మూసే బటన్‌ను బొటనవేలితో నొక్కిపెట్టి ఉంచాడు.

"బయట మీవాళ్లందరున్నరు. పోయినంక నిన్ను ఏడ్వనియ్యరు, సంతకం పెట్టు, చీర మార్చుకో అంటరు. గీ జెరసేపు నీది. ఎవరు రారు."

ఇనప తలుపుని అటునుంచి జనం కొడుతున్నారు. "ఏమైంది? చెడిపోయిందా?" అని కేకలు. ఆయన బటన్ మీద నుంచి వేలు తియ్యలేదు, నావైపు తిరగలేదు. నేను ఆ గోడకి తల ఆనించి, పాతికేళ్ల కాపురంలో ఒక్కసారీ పిలవని మా వారి పేరు పెట్టి పిలిచి ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. నేను ముక్కు తుడుచుకుని, కొంగు సర్దుకున్న చప్పుడు విని, అప్పుడు ఆయన తలుపు తెరిచాడు.

నేను ఆయన దేవుణ్ణి నమ్మడం మొదలుపెట్టానని చెప్పలేను. మా ఇంట్లో దీపం పెట్టే చోటే పెడుతున్నాను. కానీ ఆ తర్వాతి నెలల్లో పొద్దున్నే లేవడానికి కారణం కనిపించనప్పుడు, ఆయన ఎనిమిదో రోజున నీలం చొక్కా వేసుకుని లిఫ్టులో నిలబడ్డ సంగతి తలుచుకుని లేచేదాన్ని. వెళ్లి ఒకసారి ఈ మాట చెప్పాలనుకుంటూనే ఏడాదిన్నర గడిపేశాను.

ఆయన పోయాడని తెలిసిన వారంలోనే, ఒక ఆదివారం సాయంత్రం, చిరునామా కనుక్కుని మౌలాలి వెళ్లాను. గుట్ట కనిపించే సందులో రేకుల వరండా ఉన్న ఇల్లు. నేనెవరో చెప్పగానే ఆయన భార్య పోల్చుకుంది. నన్ను ఎప్పుడూ చూడకపోయినా, నా పేరు, మా వారి పేరు ఆమెకు తెలుసు. టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఉండబట్టలేక అడిగేశాను.

"అన్న రోజూ అడిగేవాడు కదా వదినా, ఆ అబ్బాయి గురించి. చివరికి ఆయనకి చేతనైందా?"

"ఏమో. నాకైతే చెప్పలే. పోయేముందు దినం గూడ అడిగిండు ప్రార్థనల." చీర అంచు వేళ్లతో సాపు చేస్తూ కూర్చుంది. "కాని ఒక దినం ఆ పిలగాడు ఇంటికొస్త అంటే రమ్మన్నడు. వచ్చిండు. గాడనే, నువ్వు కూసున్న కాడనే కూసున్నడు. చాయ పెట్టుమన్నడు నన్ను. నేను పెట్టలే. లోపటికి పోయి తలుపేసుకున్న. ఆయననే లేసి పెట్టిండు. పంట్లాము మోకాళ్లదాంక ఎత్తిచ్చి, కాలు సూసిండట."

ఆమె గొంతులో మెత్తదనం లేదు.

"భూస్థాపననాడు ఆ పిలగాడు పెట్టె మోసిండు. కుంటుతడు గద, పెట్టె ఒక పక్కకు ఒరిగింది. జరుగు అని ఎవలు అనలే. నేను అందామనుకున్న. నోట్లె మాట రాలే. ఆయనకు అయ్యిందో లేదో గాని, నాకైతే కాలే. ఆయన ఉన్నప్పుడు ఆయన అడుగుతున్నడు గద అని ఊకున్న. ఇప్పుడు నేనే అడగాలె. కండ్లు మూసుకుంటే ఏసయ్య మీదనే కోపమొస్తది."

వాకిట్లో గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే ఆ అబ్బాయే. గడ్డం లేదు, కాస్త ఒళ్లు చేశాడు. కర్ర లేదు గానీ ఒక కాలు ఈడుస్తున్నాడు. ప్రతి ఆదివారం వస్తాడని ఆమె చెప్పింది. గేటు లోపల నిలబడతాడు. ఆమె తలుపు తియ్యదు. కాసేపు ఉండి వెళ్లిపోతాడు. మూడు నెలలుగా ఇదే.

"జెర నువ్వు పోయి చెప్పు. ఇయ్యాల గూడ కాదని చెప్పు," అంది.

బయటికి వెళ్లాను. అతను నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. చెప్పాను. మొహంలో ఏ మార్పూ లేదు.

"పర్లేదండి. వచ్చే ఆదివారం వస్తానని చెప్పండి."

గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు. నేను లోపలికి వచ్చేసరికి ఆమె టీ గ్లాసులు తీస్తోంది. వంటింట్లో నీళ్ల చప్పుడు. అటు తిరిగే అడిగింది:

"ఆ కాలు ఇంక నొస్తున్నదా, అడిగినవా?"

"అడగలేదు వదినా."

నీళ్లు కట్టేసింది. తడి చేతులతోనే వచ్చి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. అతను సందు మలుపు దాకా వెళ్లడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె అక్కడే నిలబడి చూసింది.